కుడివైపు ఖాళీ

నేను ఒక ప్లాస్టిక్ కడ్డీని. అగ్గిపుల్ల కన్నా సన్నం, మూరెడు పొడవు, పాలలాంటి తెలుపు. ఏ యంత్రంలోంచి బయటపడ్డానో గుర్తు లేదు. నాలాంటివాళ్ళతో కలిసి ఒక కవరులో విశాఖపట్నం చేరాను. నన్ను కొన్న జగ్గారావు ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. రేసుకార్లకు చిన్న నమూనాలు చెయ్యడం అతని కాలక్షేపమని ఇరుగుపొరుగు అనుకునేవారు. అతను ఎన్నిసార్లు మొదలుపెట్టినా చేసేది ఒకే కారు అని వాళ్ళకు తెలియదు.

అది ఏళ్ళ కిందట కార్ల ర్యాలీలో ఘాట్‌రోడ్డు మీంచి లోయలోకి దొర్లిన కారు. నడిపిన ప్రభుదాసు పోయాడు. పక్కన కూర్చుని ముందొచ్చే మలుపులు కాగితంలో చూసి చదివి చెప్పిన జగ్గారావు మిగిలాడు.

అలాంటి కార్లలో ఇనప గొట్టాలతో ఒక పంజరం ఉంటుంది, బోల్తా కొట్టినా లోపలి మనిషి నలిగిపోకుండా. మనుషులు ముందు ప్రాణానికి పంజరం కట్టుకుంటారు, తర్వాత కొండ అంచున పరుగులు పెడతారు. ఆ చిన్నకారులో పంజరం కావడమే నా పని.

చల్లగా ఉండగా వంచితే నేను వంగినట్టే వంగి మళ్ళీ లేచిపోతాను. జగ్గారావుకు అది తెలుసు. జుట్టు ఆరబెట్టుకునే మిషను వేడిగాలిలో నన్ను మెత్తబరిచి, పెన్ను చుట్టూ మెల్లగా తిప్పి, చల్లారేదాకా వదలకుండా పట్టుకునేవాడు. రెండు ముక్కలు కలిసేచోట కొసను గుండ్రటి ఆకురాయితో నెలవంకలా అరగదీసి, కుంచెతో ఒక్క చుక్క మందు తాకించేవాడు. ఆ మందు అంటించదు. రెండింటినీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది.

పని చేస్తుంటే అతని పెదవులు కదిలేవి. "ఎడమ... ఇంకా ఎడమ... మెల్లగా అన్నా, మెల్లగా." గదిలో ఇంకెవరూ ఉండరు. అయినా జవాబు కోసం ఆగేవాడు.

ఒక ఆదివారం ప్రభుదాసు భార్య గ్రేసమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చింది. బల్ల మీద పూర్తయిన కారును చూసింది.

"ఇది కొత్త బండిలాగుంది జగ్గూ. లోయలోంచి పైకి తీసినప్పుడు ఎలాగుందో అలాగ చెయ్యి. ఆ బండిని నన్ను చూడనివ్వకుండా తుక్కు కింద అమ్మేశారు."

"ఇప్పుడెందుకొదినా?"

"నా పెనిమిటి ఎందులో పోయాడో నేను చూడొద్దా? చెయ్యి."

ఆమె ఎదురుగానే మళ్ళీ వేడిగాలి. ఎడమవైపు నన్ను లోపలికి కుంగదీశాడు. తలుపు దగ్గర అడ్డంగా ఉన్న ముక్కను మడిచేశాడు. కుడివైపుకు, ప్రభుదాసు కూర్చునేవైపుకు వచ్చి ఆగాడు.

నేనింకా మెత్తగానే ఉన్నాను. అతని బొటనవేలు నా మీద ఆని ఉంది. ఒక్క నొక్కు చాలు. 'కమ్మీలు మీద పడ్డాయి, బాధ తెలియకుండా సీట్లోనే పోయాడు' అని ఊరంతా నమ్మిన మాట అలాగే నిలిచిపోయేది. వేలి బరువు పెరగడం నాకు తెలిసింది. నేను కుంగబోతుండగా వేలు తీసేశాడు.

అలాగే చల్లారిపోయాను.

గ్రేసమ్మ వంగి, కుడి కిటికీలోంచి చిటికెనవేలు పెట్టింది. అది దేనికీ తగలకుండా లోపలికి పోయింది.

"ఇటేపు మనిషి పట్టేంత చోటుందేటి? మరి ఆయనెలాగ పోయాడు?"

జగ్గారావు ఎడమకాలు పక్కకు జరుపుకుని ఆమె వైపు తిరిగాడు.

"బతికే ఉన్నాడొదినా. బెల్టు విప్పుకుని దిగిపోయాడు. నా కాలు ఇరుక్కుపోయింది. చుట్టూ తిరిగి నా వైపొచ్చి తలుపు లాగాడు. 'కదలకు, తీసేస్తున్నా' అన్నాడు. అంతలో బండి మళ్ళీ జారింది. ఆయన దాని కిందపడ్డాడు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నా కోసం పోయాడని తెలిస్తే మళ్ళీ నా మొహం చూస్తావా?"

ఆమె ఏడుస్తుందనుకున్నాను. కోపంతో ఊగిపోయింది.

"స్పీడు పిచ్చిలో మమ్మల్ని వదిలేసి పోయాడని నా కొడుకు తండ్రి ఫొటో కూడా గోడకి పెట్టనివ్వడు. నేనూ అలాగే తిట్టుకున్నాను జగ్గూ, ప్రతి రోజూ!"

కారును కొంగులో చుట్టుకుని లేచింది. అతను గేటుదాకా వెనకే వచ్చాడు. ఆమె వెనక్కి చూడలేదు.

వాళ్ళింట్లో నన్ను భోజనాల బల్ల మీద పెట్టింది. వారం రోజులు నా ముందు కూర్చుని, ఆ కుడివైపు ఖాళీలోకి చూస్తూ ఉండేది. ఎవరో అందులోంచి అప్పుడే దిగి వెళ్ళినట్టు, ఇంకా దూరం పోనట్టు చూసేది.

శనివారం పొద్దున కొడుకు జోయెల్‌ని కూర్చోబెట్టి అంతా చెప్పింది. పెళ్ళీడుకొచ్చిన ఆ పిల్లవాడు నన్ను ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు.

"ప్రాణాలతో బయటపడ్డాక మళ్ళీ ఎందుకెళ్ళాడమ్మా?"

గ్రేసమ్మ ఫోను తీసి జగ్గారావుకు చేసింది. అటువైపు అతను ఎత్తినట్టున్నాడు.

"రేపు భోజనానికి రా," అంది. "నీ కోసం ఎందుకెళ్ళాడో మావాడికి నువ్వే చెప్పాలి."