కొసదాకా ఎక్కిన జెండా

ఛైర్మన్ పోయాడన్న కబురు మా మున్సిపల్ ఆఫీసుకు వచ్చేసరికి నేనింకా జెండా ఎక్కించలేదు. సూపరింటెండెంటు మెట్లు దిగి గబగబా నా దగ్గరికొచ్చాడు.

"ఆగు. శవం బండి పదింటికి మన గేటు ముందు అయిదు నిమిషాలు ఆగుతుంది. ఇంటివాళ్ళ కళ్ళ ముందే సగానికి ఎక్కించు. వాళ్ళకీ తృప్తిగా ఉంటుంది."

"అలాగే సార్," అన్నాను.

ఇరవై రెండేళ్ళుగా ఆ తాడు నా చేతిలోనే ఉంది. అంతకుముందు మా మేనమామ చేతిలో ఉండేది. ఏడో తరగతిలో బడి మానేసి గాలికి తిరుగుతున్న నన్ను ఆయనే ఇక్కడ అటెండరుగా పెట్టించాడు, ఆ పనీ ఆయనే నేర్పాడు. ఎక్కేటప్పుడు చురుగ్గా ఎక్కాలి, దిగేటప్పుడు నిదానంగా దిగాలి. చిరుగు పట్టిన జెండా కట్టకూడదు. నేల తాకనివ్వకూడదు. చావు రోజున సగానికి ఉంచాలంటే ముందు కొసదాకా ఎక్కించి, ఒక్క క్షణం ఆపి, ఆ తర్వాతే సగానికి దించాలి. "ఎంతటివాడు పోయినా జెండా సగంలో పుట్టదురా అల్లుడూ, పైనుంచి దిగిరావాలి," అనేవాడు మామయ్య.

ఛైర్మన్‌కూ నాకూ మధ్య ఉన్న సంగతి ఆఫీసులో గోడలకు కూడా తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట నన్ను గుమాస్తాను చేయమని ఒక కాగితం ఆయన బల్ల దాకా వెళ్ళింది. నిండు మీటింగులో దాన్ని పక్కకు తోసి, "ఏడో క్లాసువాడికి కుర్చీ ఎందుకయ్యా, జెండా కర్ర చాలదూ," అన్నాడు. అందరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ పళ్ళ సందున ఇరుక్కునే ఉంది.

బండి వచ్చింది. ముందు సీట్లోంచి ఛైర్మన్ అల్లుడు దిగాడు. సిబ్బంది అంతా మెట్ల మీద వరసగా తలలు దించుకుని నిలబడ్డారు. నేను తాడు లాగాను. జెండా చురుగ్గా లేచింది, సగం దాటింది, కొసకు చేరి గాలికి విచ్చుకుంది.

"సగం, సగం," అంటున్నాడు వెనక నుంచి సూపరింటెండెంటు పళ్ళ బిగువున.

ఆగాల్సిన క్షణం ఆగాను. ఆ తర్వాత నిదానంగా సగానికి దించాను. తాడు ముడివేసి తిరిగేసరికి అల్లుడు నా ఎదురుగా ఉన్నాడు.

"మామయ్యగారు పోయారని సంబరమా నీకు?"

"పద్ధతి అదండీ."

"నీ కథ నేను విన్నాలే. ఆయన బతికుండగా నోరు పెగల్లేదు, పోయాక పౌరుషం పుట్టుకొచ్చింది."

కసి లేదని అబద్ధం చెప్పను. కబురు విన్నప్పుడు నా కళ్ళలో తడి వెతికినా దొరికేది కాదు. కానీ ఆయన ఎనిమిదేళ్ళు తాగిన టీ నా చేతుల మీదుగానే వెళ్ళింది. అందులో చిటికెడు ఉప్పయినా వేయనివాణ్ని, జెండాను అడ్డం పెట్టుకుంటానా?

పదకొండింటికి సూపరింటెండెంటు గదిలోకి పిలుపు. టైపిస్టమ్మ అప్పుడే కాగితం మిషన్లోంచి లాగింది. 'వ్యక్తిగత ద్వేషంతో జెండాను పూర్తిగా ఎగురవేసి మృతులను అవమానించాను, క్షమించగలరు' అని ఉంది. కింద నా సంతకానికి చోటు.

"జెండా రూల్సు పుస్తకం మీ బీరువాలోనే ఉంది సార్. చదువుకున్నవారు, మీరే చూడండి."

ఆయన బీరువా తీశాడు. దుమ్ము దులిపి, వేలు పెట్టి వరసగా చదివి, పుస్తకం మూసేశాడు.

"సరేనయ్యా. నువ్వు చేసిందే రైటు."

"మరి ఈ కాగితం ఎందుకు సార్?"

"రైటయితే మాత్రం? రేపు ఆ కుర్చీలో కూర్చునేది అల్లుడుగారే. నేను పుస్తకం చంకన పెట్టుకెళ్ళి ఆయనకు పాఠం చెప్పనా? ఒక సంతకం పడెయ్. నెల తిరిగేసరికి అందరూ మర్చిపోతారు."

"నేను తప్పని రాసిస్తే ఆ తప్పే పద్ధతైపోతుంది. రేపు మీరు పోయినా నేరుగా సగానికే ఎక్కిస్తారు."

టైపిస్టమ్మ లేని దగ్గు తెచ్చుకుంది.

"పెట్టకపోతే సస్పెన్షను," అన్నాడాయన.

"టైపు చేయించండి."

మధ్యాహ్నానికే ఆ సంగతి మా ఆవిడ చెవిన పడింది. ఫోను చేసింది. "ఒక గీత గీసి రాకూడదూ. నీ పౌరుషం పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా?"

"నేను తప్పుల్లేకుండా రాయగలిగేది నా పేరొక్కటే. దాన్ని ఆ అబద్ధం కింద పెట్టలేను."

"అయితే పెట్టకులే," అంది చివరికి. "బాక్సులో అన్నమైనా తిన్నావా?"

పొద్దు వాలుతుండగా స్తంభం దగ్గరికెళ్ళాను. అప్పటికే వాచ్‌మన్ తాడు విప్పుతున్నాడు.

"నన్నే దించమన్నారన్నా. నిన్ను తాడు ముట్టుకోనివ్వద్దన్నారు," అన్నాడు నా వైపు చూడకుండా. జెండా సగంలోంచి కిందికి జారుతోంది.

"ఆపు. దించేముందు మళ్ళీ కొసదాకా ఎక్కించాలి."

"మళ్ళీనా? నా ఉద్యోగం ఊడుతుందన్నా."

"ఊడేది నాదిలే. తప్పుకో."

తప్పుకున్నాడు. మెట్ల మీద ఇళ్ళకు బయల్దేరిన జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నేను తాడు లాగాను. పొద్దున్న తలలు దించుకుని నిలబడ్డవాళ్ళందరి ముందూ జెండా ఇంకోసారి కొసకు చేరింది. ఈసారి వెనక నుంచి ఎవరూ సగం అనలేదు. నిదానంగా దించి, నేల తాకకుండా చేతుల మీదికి తీసుకుని మడతపెట్టాను.

సూపరింటెండెంటు ఆర్డరు కాగితం పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. "ఇదుగో నీ కాగితం. జెండా ఇలా ఇచ్చెయ్," అంటూ ఖాళీ చెయ్యి చాపాడు.

ఇవ్వలేదు.

"రెండు చేతులూ చాపండి సార్."

ఆయన నన్ను చూశాడు, మెట్ల మీది జనాన్ని చూశాడు. నేను కదల్లేదు. చివరికి ఆ ఆర్డరు చంకలో ఇరికించుకుని రెండు చేతులూ చాపాడు.