చుట్టు పూర్తయితే చెప్తాను

మా ఆదివారం నడక గుంపులో నేను తోకను. ముందు నడిచే ఆవిడ పోస్టాఫీసులో చేసి రిటైరయింది. దారి చూపడం ఆవిడ పని. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వెనక ఉండడం నా పని. తోక ఎవణ్ణీ దాటి ముందుకు పోకూడదు, అంతే నియమం. నగరం చివర పార్కులో, సముద్రం పక్కన చిత్తడి నేల మీదుగా వెళ్లి, రాళ్ల ఒడ్డు వెంట నడిచి, అడవిలోంచి తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం. చుట్టు తొమ్మిది కిలోమీటర్లు.

ఆ ఆదివారం అందరికంటే నెమ్మదిగా నడిచినవాడు నా బావమరిది.

వాడు పళ్ల డాక్టరు. రైల్లో రెండు గంటల దూరంలో ఉంటాడు. నా భార్య పోయి పది నెలలైంది. బుధవారం వాడు ఫోన్ చేశాడు.

"అక్క పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉందట కదా. నిద్రలో పోయిందని చెప్పావు నాకు."

"నిద్రలోనే పోయింది. పదకొండో రోజు."

ఆ ఆసుపత్రిలో చేసిన నర్సు ఒకామె పన్ను పీకించుకోవడానికి వీడి దగ్గరికే వచ్చిందట. నోట్లో దూది తీయగానే మొత్తం చెప్పిందట.

"నేను రెండేళ్లు ఫోన్ చెయ్యలేదు బావా. ఆ కోపంతో నాకు చెప్పొద్దందా? లేకపోతే నన్ను అడిగిందా? ఒక్క ముక్క చెప్పు."

"ఆదివారం నడకకి రా. చుట్టు పూర్తయితే చెప్తాను."

"ఫోన్లో చెప్తే ఏం పోయింది?"

"చెప్పను."

వచ్చాడు. తోలు బూట్లతో వచ్చాడు. మోకాలికి ప్యాంటు మీదే పట్టీ కట్టుకున్నాడు. పోస్టాఫీసు ఆవిడ వాడి బూట్లు చూసి, "ఏమండీ, పెళ్లికి బయల్దేరారా?" అంది. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నేను నవ్వలేదు.

మొదటి రెండు కిలోమీటర్లు చెక్కల వంతెన. రెండు పక్కలా తల ఎత్తున రెల్లు. నీళ్లు వెనక్కి పోయి బురద బయటపడింది. ఒక్క డెక్క పెద్దదిగా ఉన్న చిన్న పీతలు కన్నాల్లోంచి తొంగి చూసి, మా అడుగుల చప్పుడికి లోపలికి పోతున్నాయి. చెక్కల మీద నాచు. వాడు కమ్మీ పట్టుకుని, పసిపిల్లాడిలా ఒక్కో పాదం చూసుకుంటూ నడిచాడు.

చెక్కలు అయిపోయిన చోట రెండు వందల అడుగుల బురద ఉంటుంది. అంచున రెల్లు వేర్ల మీద కాలు వేసుకుంటూ పోతే ఏమీ కాదు. గుంపులో అందరికీ తెలుసు. వాడికి తెలియదు. నేను చెప్పలేదు. మధ్యలో కాలు వేశాడు, పిక్క దాకా దిగిపోయాడు. కాలు పైకొచ్చింది, బూటు రాలేదు.

"చెయ్యివ్వు బావా."

"ముందు బూటు తీసుకో. నీళ్లొస్తే అదీ పోతుంది."

వంగి, మోచేయి దాకా బురదలో పెట్టి వెతికాడు. గ్లవ్స్ లేకుండా ఎవరి నోరూ ముట్టుకోని చెయ్యి అది.

ముందు నుంచి పోస్టాఫీసు ఆవిడ అరిచింది. "తోకా! బతికే ఉన్నారా?"

"ఒకడు బతికున్నాడు. ఒకడు కుంటుతున్నాడు."

రాళ్ల ఒడ్డు మీద వాడు మాట్లాడడం మొదలెట్టాడు. చిన్నప్పుడు వాళ్లక్క వీణ్ణి స్కూలుకి చంకలో వేసుకుని పోయేదట. పంతులు కొడతాడని వీడి లెక్కలు అక్కే చేసేదట. ఈ కథలు నలభై ఏళ్లుగా నేను వింటున్నవే. ఆమె చెప్తే ఇంకా బాగుండేవి.

"నీకు నా మీద ఎందుకింత కోపం బావా? నేనేం చేశాను నిన్ను?"

వాడికి గుర్తు లేదు. నాకుంది. ఇరవై రెండేళ్ల కింద వాడు క్లినిక్ తెరిచాడు. గోడకి బోర్డు నేనే బిగించాను. లిఫ్టులు బాగుచేసే పని నాది, ఎత్తులో పని చెయ్యడం అలవాటు. బోర్డు అర అంగుళం ఒరిగింది. వచ్చిన డాక్టర్లందరి ముందూ వీడు గ్లాసు చేత్తో పట్టుకుని అన్నాడు: "మా బావవి వానాకాలం చదువులు. బోర్డు తలకిందులుగా పెట్టలేదు, సంతోషించండి." పగలబడి నవ్వారు. నేను నిచ్చెన మీదున్నాను. పైనుంచి చూశాను. నా భార్య కూడా నవ్వింది.

మర్నాడు మర్చిపోయారు అక్కాతమ్ముళ్లిద్దరూ.

ఆసుపత్రిలో చేరేసరికి ఆమెకి కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది. ఆమె ఫోన్ నా జేబులో ఉండేది. రెండో రోజు, "తమ్ముడికి చెయ్యి" అంది. బయటికెళ్లి వరండాలో కాసేపు నిలబడి లోపలికొచ్చాను. చేశానన్నాను. ఐదో రోజు మళ్లీ అడిగింది. తొమ్మిదో రోజు మళ్లీ. ప్రతిసారీ చేశానన్నాను. రావడానికి వీలు కాదన్నాడని చెప్పాను.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానని నాకు ఏనాడూ అనిపించలేదు.

ఒడ్డు వదిలి అడవిలోకి తిరిగే చోట ఒక బోర్డు ఉంటుంది. అక్కడి నుంచి అడ్డదారిన పోతే పావుగంటలో కార్లు నిలిపే చోటికి చేరొచ్చు. చుట్టు తిరిగిపోతే ఇంకా మూడు కిలోమీటర్లు, అంతా ఎక్కుడు. గుంపు చుట్టుదారిన పోయింది. నియమం తప్పి వాణ్ణి దాటాను; వాడు వెనక నుంచి వచ్చేసరికి నేను బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఇక్కణ్ణించి దగ్గర దారేమన్నా ఉందా?" ముఖం బూడిద రంగుకి తిరిగింది వాడికి.

"లేదు."

"వెనక్కి పోతే?"

"ఇంకా దూరం. నడువు."

నడిచాడు. చెట్ల వేర్లు పట్టుకుని ఎక్కాడు. రెండు చోట్ల కూర్చున్నాడు. కూర్చున్నప్పుడల్లా నేను పక్కన నిలబడ్డాను, కూర్చోలేదు. రెండోసారి బూటు విప్పితే మేజోడు మడమ దగ్గర ఎర్రగా ఉంది. మళ్లీ తొడుక్కున్నాడు. ఒక్క మాట అనలేదు. అప్పుడు నాకు కాస్త చిరాకేసింది. తిడతాడనుకున్నాను.

మేం చేరేసరికి గుంపు కాఫీలు తాగి వెళ్లిపోయింది. పోస్టాఫీసు ఆవిడ ఒక్కతే మా కోసం ఆగి, మమ్మల్ని చూసి, చెయ్యి ఊపి కారెక్కింది. వాడు బెంచీ మీద కూలబడ్డాడు.

"పూర్తయింది బావా. చెప్పు. అక్క నన్ను అడిగిందా?"

దారంతా ఆలోచించి పెట్టుకున్న జవాబు అది. "లేదు. ఒక్కసారి కూడా నీ ఊసెత్తలేదు."

వాడి మొహంలోకి చూస్తూ అన్నాను. పగిలిపోతాడనుకున్నాను. వాడు కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు.

"అమ్మయ్య" అన్నాడు.

"ఏంటి?"

"అయితే నా కోసం ఎదురు చూడలేదన్నమాట. బుధవారం నుంచి నాకు నిద్ర లేదు బావా. తలుపు వైపు చూస్తూ చూస్తూ పోయిందేమో, తమ్ముడు రాలేదని అనుకుందేమో అని. కోపంగా పోతే పోయిందిలే. కోప్పడాల్సిందే నా మీద. ఎదురు చూడలేదు, అది చాలు." నా చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ల నిండా బురద. "చివరిదాకా పక్కనున్నావు. నీకు దణ్ణం పెట్టాలి నేను."

తొమ్మిది కిలోమీటర్లు ఈడ్చి, చివరికి వాడి గుండె బరువు నా చేత్తో దించాను.

చెయ్యి విడిపించుకున్నాను.

"అడిగింది" అన్నాను.

"ఏంటి బావా?"

"మూడుసార్లు అడిగింది. ఫోన్ చెయ్యమంది. నేను చెయ్యలేదు. చేశానని చెప్పాను. రావడానికి నీకు వీలు కాదన్నావని చెప్పాను."

కొడతాడని కాళ్లు ఎడం చేసి నిలబడ్డాను. వాడు లేవలేదు. బూటు లేసుకి అంటిన బురద గోటితో గీకాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"మూడోసారి చెప్పినప్పుడు ఏమంది?"

ఇది చెప్పాల్సిన అవసరం నాకు లేదు. చెప్పాను.

"'పోనీలే, వాడికి పేషెంట్లు ఉంటారు కదా' అంది. తలుపు వైపు తిప్పి పడుకోబెట్టమంది."

వాడు చెవుడొచ్చినవాడిలా తల నా వైపు వంచాడు.

"మళ్లీ చెప్పు బావా."

చెప్పాను.