పగటిపూట రాసిన అట్టలు

పెన్సిలు మొద్దువైపును గూటి ఊచల సందులోంచి లోపలికి జరిపి, ఆమె మనసులో పది లెక్కపెట్టుకుంది. రంపపుపొట్టు చిన్న గుట్టగా లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. అడుగున ఎవరో ఊపిరి తీస్తున్నారు. పదకొండో అంకె దగ్గర ఆమె ఆ గుట్టను మెల్లగా తాకింది. పొట్టు చిమ్ముకుంటూ ఒక గోధుమరంగు ముఖం పైకి వచ్చి, పెన్సిలును కసిగా కొరికి, వచ్చినంత వేగంగా లోపలికి పోయింది.

ఆమె పెన్సిలును వెలుతురుకు ఎత్తి చూసింది. మొన్నటి గాట్ల పక్కన నిన్నటి గాట్లు, నిన్నటి గాట్ల పక్కన నేటివి.

పెంపుడు జంతువుల దుకాణంలో ఊడ్చేదీ, నీళ్ళ సీసాలు కడిగేదీ, గింజలు వేసేదీ ఆమే. కానీ ఆమె అసలు పని అట్టలు రాయడం. కొత్తగా వచ్చిన ప్రతి హామ్‌స్టర్‌నూ నాలుగు రోజులు గమనించి, అరచేతి వెడల్పున్న అట్ట మీద రెండు మాటలు రాసి గూటికి తగిలించాలి. మొదటి గడిలో స్వభావం, రెండో గడిలో చలాకీతనం. పెన్సిలును కొరికితే ‘కరుస్తుంది’. వెనక్కి జరిగితే ‘బెదురు’. ఊరుకుంటే ‘శాంతం’. గంటలో ఒక్కసారైనా చక్రం ఎక్కితే ‘చురుకు’, లేకపోతే ‘మందం’. ఆమె దస్తూరి గుండ్రంగా ఉందని పెద్ద యజమాని పంతొమ్మిదేళ్ళ కిందట ఈ పని అప్పజెప్పాడు. పెద్ద యజమాని పోయాడు, కొడుకు వచ్చాడు, దుకాణం రంగు రెండుసార్లు మారింది. అట్టలు మారలేదు. ఆమెను అందరూ అట్టలక్క అంటారు.

పొట్టి మనిషి. బకెట్లు మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. వాసనగల సబ్బు వాడదు, తలకు పువ్వు పెట్టదు, జంతువులు బెదురుతాయి. కుడిచేతి వేళ్ళ నిండా చుక్కల్లాంటి పాత మచ్చలు. అవి ఏ సంవత్సరానివో ఆమెకే గుర్తు లేదు.

‘కరుస్తుంది’ అని రాసిన అట్ట గూటికి ఎక్కదు. ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి సరఫరాదారుడి వ్యాను వస్తుంది. అట్ట ఎక్కనివి ఆ వ్యానులో తిరిగి వెళతాయి. అవి ఎక్కడికి పోతాయని ఆమె డ్రైవరును ఒకే ఒక్కసారి అడిగింది. “పాముల్ని పెంచే ఆయన ఒకడున్నాడక్కా. వాటికీ ఆకలేస్తుంది కదా,” అన్నాడతను, చాలా మామూలుగా. ఆ తరువాత ఆమె అడగలేదు.

ఇవాళ గురువారం. గోధుమరంగుది వచ్చి నాలుగో రోజు.

అట్ట ముందు పెట్టుకుని కూర్చుంది కానీ చెయ్యి కదలలేదు. దానికి కారణం గాట్లు కాదు, గూడు. ప్రతి ఉదయం తలుపు తీసేసరికి ఆ గూడు నిన్నటి గూడులా ఉండదు. వచ్చిన మర్నాడు గింజలన్నీ ఎడమ మూలకు చేరాయి. వాటి పక్కన కాగితం ముక్కలు సన్నగా చీలి, దొన్నెలా అల్లుకుని ఉన్నాయి. నిన్న చెక్కపెట్టె జానెడు దూరం జరిగింది. ఈ రోజు చక్రం కింద పొట్టు చుట్టూ ఎగిరిపోయి, నేల తేటగా కనబడింది. పగలంతా శవంలా పడి ఉండేది రాత్రంతా కాపురం చేస్తోంది. ఆ కాపురం ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. ఏ గూటిలోనూ, ఎన్నడూ చూడలేదు. దుకాణం తొమ్మిదికి తెరిచి ఆరుకు మూస్తారు.

మధ్యాహ్నం ఒక తల్లి వచ్చింది, గొడుగు మడుస్తూ.

“మా పిల్లకి నెమ్మదైంది కావాలమ్మా. ఇల్లు పీకి పందిరేసేది మా ఇంట్లో ఆల్రెడీ ఒకతుంది.”

అట్టలక్క తెల్లదాన్ని చూపించింది. శాంతం, మందం. తల్లి గూటి ఊచలకు ముక్కు ఆనించి చూసింది. “బతికే ఉందా?”

“నిద్రపోతోందమ్మా.”

“అదృష్టవంతురాలు. ఇచ్చెయ్యి.”

డబ్బా మూత బిగిస్తూ ఆమె తెల్లదాని ముడుచుకున్న వీపును ఒక క్షణం ఎక్కువసేపు చూసింది. అలా ముడుచుకుని పడుకునే వీపు ఆమెకు ఇంకొకటి తెలుసు.

భర్తది నూలు మిల్లులో రాత్రి పాళీ. ఇరవై ఆరేళ్ళు. ఉదయం ఏడున్నరకు ఆమె తాళం వేసి వస్తుంది. ఎనిమిదిన్నరకు అతను వచ్చి తాళం తీస్తాడు. సాయంత్రం ఆమె బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఏడు కావడానికి పన్నెండు నిమిషాలు ఉంటుంది. ఏడింటికి అతను వెళతాడు. ఆ పన్నెండు నిమిషాలలో ఒక టీ, ఒక క్యారియరు, “పెట్టావా?” “పెట్టాను.” ఆమెకు సెలవు శనివారం, ఆ రోజంతా అతను గోడవైపు తిరిగి నిద్రపోతాడు. అతనికి సెలవు సోమవారం. ఆ రాత్రంతా అతను మెలకువగా ఉంటాడు, ఆమె అలసి నిద్రపోతుంది. పిల్లలు లేరు. అతని నిద్ర మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. మోకాళ్ళు కడుపులోకి లాక్కుంటాడు. నోరు కొంచెం తెరుస్తాడు. వేళ్ళు అప్పుడప్పుడు దేన్నో వెతుకుతున్నట్టు కదులుతాయి. ఎవరైనా అతనికి అట్ట రాయమంటే ఏం రాయాలో ఆమెకు సందేహం లేదు. శాంతం. మందం.

నాలుగు గంటలకు చిన్న యజమాని బల్ల దగ్గరికి వచ్చాడు. అతని బొటనవేలికి ఇంకా కట్టు ఉంది. మొదటి రోజే గోధుమరంగుది రుచి చూసింది.

“అట్టలక్కా, దాని జాతకం రాసేశారా?”

“లేదు బాబూ. ఇవాళ ఒక గంట ఉండి రాస్తాను. చీకటి పడ్డాక ఒకసారి చూడాలి.”

“పంతొమ్మిదేళ్ళలో లేంది ఇవాళ ఏమొచ్చిందక్కా? కొరికింది నా వేలు. మీకెందుకు జాలి?”

“జాలి కాదు బాబూ. తెలీకుండా రాయకూడదని.”

అతను వింతగా చూశాడు. ఆమె ఏదైనా అడగడం అతనికి జ్ఞాపకం లేదు. “సరే, వ్యాను వచ్చేదాకా ఉండండి. లైట్లు మాత్రం వెయ్యను.”

“లైట్లు వద్దు బాబూ.”

అయిదింటికి ఇంటికి ఫోను చేసింది. చాలాసేపు మోగాక నిద్ర అంటుకున్న గొంతు పలికింది. “ఏమైంది?”

“ఏం కాలేదు. ఇవాళ గంట ఆలస్యమవుతుంది. క్యారియరు పొద్దున్నే సర్ది పెట్టాను, టీ మీరే పెట్టుకోవాలి.”

“ఎందుకూ?”

“ఒక హామ్‌స్టరుంది. అది లేచాక ఎలా ఉంటుందో చూడాలి.”

“అంటే తోక లేని ఎలక.”

“ఎలక కాదండీ.”

“నాకు సవతి అనుకోనా పోనీ?” అన్నాడు. అవతల సన్నగా నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఎవరిదో పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. “రాత్రిళ్ళు ఏం వెలగబెడుతుందో చూసొచ్చి నాకూ చెప్పు.”

అతను పెట్టేశాక కూడా ఆమె ఫోనును చెవి దగ్గరే ఉంచుకుంది.

ఆరింటికి షట్టరు సగం దించారు. యజమాని వెనక గదిలో కూర్చున్నాడు. చలికాలపు చీకటి గబగబా నిండింది. వీధి దీపం వెలుగు షట్టరు కింద నుంచి నేల మీదుగా పాకి, గూళ్ళ మొదటి వరుస దాకా వచ్చి ఆగింది. ఆమె స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుచూడడం తప్ప మరే పనీ లేని గంట ఆమె జీవితంలో ఇదే మొదటిది కావచ్చు.

మొదట పొట్టులోంచి ముక్కు వచ్చింది. గాలిని చదివింది. తరువాత చెవులు, ముడతలు విప్పుకుంటూ. గోధుమరంగుది బయటికి వచ్చి, ఒళ్ళు సాగదీసి, వెనక కాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం కడుక్కుంది, పనికి బయలుదేరే మనిషిలా. గింజల దగ్గరికి నడిచింది. ఒక్కొక్కటే బుగ్గల్లోకి తోసి, ముఖం రెండింతలు చేసుకుని, మూలకు వెళ్ళి దాచి, మళ్ళీ వచ్చింది. ఒక కాగితం ముక్క నచ్చలేదు కాబోలు, లాగి, చించి, ఇంకోచోట పరిచింది. అప్పుడు చక్రం ఎక్కింది. పరుగు మొదట తడబడి, తరువాత లయ పట్టి, ఆ తరువాత చక్రం కనబడకుండా పోయి పరుగే మిగిలింది.

ఆమె తలుపు తీసి, చేతి వెనకభాగాన్ని గూటి అంచు మీద ఉంచింది. చక్రం ఆగింది. అది వచ్చింది, వాసన చూసింది, మీసాలు ఆనించింది. నాలుగు చల్లని పాదాలు మచ్చల వేళ్ళ మీదుగా నడిచి, మణికట్టు దాటి, మోచేతి మడతలో ఆగాయి. అది ఆమె ముఖంలోకి చూసింది. బరువు లేదు. గుండె కొట్టుకోవడం మాత్రం తెలుస్తోంది. ఆమె నవ్వింది.

ఆ నవ్వు ఆగాక చుట్టూ చప్పుడు వినిపించింది. గూళ్ళన్నీ లేచాయి. ‘బెదురు’ అని రాసినది ఊచలు పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. ‘శాంతం’ ఒకటి, ఊచల సందులోంచి పక్క గూటిదాని నోట్లోని గింజను లాక్కుంటోంది. ‘మందం’ అట్ట వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, అట్ట ఆ ఊపుకు ఊచలకు కొట్టుకుంటోంది. తన గుండ్రటి అక్షరాలు వరుసగా కొట్టుకోవడాన్ని ఆమె చీకట్లో వింటూ కూర్చుంది. పంతొమ్మిదేళ్ళు. వేల అట్టలు. అన్నీ నిద్ర గురించి రాసినవే.

గోధుమరంగుదాన్ని గూటిలోకి దించి, అట్ట తీసి, రెండు గడులనూ కలిపేసి, చిన్న అక్షరాలతో రాసింది: చీకటి పడ్డాక లేస్తుంది. చాలా పని చేస్తుంది. నిద్రలో కదిపితేనే కరుస్తుంది. చేతి వెనక వైపు చూపించి, ఆగాలి.

ఏడింటికి వ్యాను వచ్చింది. యజమాని దీపం వేసి అట్ట చదివాడు. కోపం లేదు, వెటకారం లేదు.

“నిజమే అయ్యుంటుందక్కా. కానీ మన దుకాణం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. కొనేవాడు వచ్చేది అప్పుడే, వేలు పెట్టేది అప్పుడే. అప్పుడది కరుస్తుందా లేదా?”

ఆమె అట్ట వెనక్కి తీసుకుంది. “కరుస్తుంది బాబూ.”

డ్రైవరు చిల్లుల డబ్బా తెచ్చాడు. దీపం వెలుగుకు బెదిరి మూలకు నక్కిన దాన్ని ఆమే రెండు చేతులతో ఎత్తి డబ్బాలో పెట్టింది. అది కరవలేదు.

బస్సులో కిటికీ పక్కన నిలబడి ఆమె మాటలు కూర్చుకుంది. ముఖం కడుక్కోవడం ముందు చెప్పాలా, చక్రం ముందు చెప్పాలా? డబ్బా సంగతి చెప్పకూడదు. అతను ఈపాటికి మిల్లులో ఉంటాడు. రేపు సాయంత్రం పన్నెండు నిమిషాలలో చెప్పాలి. చక్రం ఒక్కటే చాలేమో.

వీధి మలుపు తిరిగాక తన ఇంటి ముందు దీపం వెలుగుతూ కనిపించింది. ఆర్పకుండా వెళ్ళాడు కాబోలు అనుకుంది. మెట్ల దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆమెను చూసి పక్కకు జరిగారు. వాళ్ళలోంచి మిల్లులో అతనితో పనిచేసే మనిషి ముందుకు వచ్చాడు. రోజూ అతన్ని పిలుచుకుని వెళ్ళేది ఇతనే.

“వదినా, ఏడింటికే వచ్చాను. ‘మీ వదిన ఎలక కబురు తెస్తానంది, విని పోదాం, ఒక్కరోజు లేటైతే మిల్లు మునగదు’ అన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు. కబుర్లు చెబుతూ చెబుతూ గోడకి ఆనుకున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నా వదినా.” అతను ఇంటి లోపలికి చూశాడు. “డాక్టరొచ్చి చూసి వెళ్ళాడు.”

లోపల చాప మీద పడుకోబెట్టారు. ఆమె పక్కన కూర్చుంది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆ ముఖం ఆమెకు బాగా తెలిసినదే. ఆమె తెలిసినంతగా ఆ ముఖం ఇంకెవరికీ తెలియదు. ఎవరో ఏడవమన్నారు. వేళ్ళు కదులుతాయేమోనని ఆమె కాసేపు చూసింది.

“చొక్కా జేబులో ఇదుంది వదినా,” అంటూ ఆ మనిషి మౌతార్గాన్ ఒకటి ఆమె చేతికి ఇచ్చాడు. “ఇక మా పాళీలో ఎవరికీ నిద్ర ఆగదు. టీ టైమైతే చాలు, ఇది వాయించేవాడు, గంతులేసేవాడు, సూపర్‌వైజర్ నడక నడిచి చూపించేవాడు. కూర్చోరా బాబూ అంటే కూర్చునేవాడు కాదు. ఇంట్లో కూడా ఇంతేనా వదినా, మీ చెవులు చిల్లులు పడేవా?”

అతను జవాబు కోసం ఆగాడు. ఆమె దాన్ని దీపం వెలుగుకు ఎత్తి చూసింది.

మౌతార్గాన్ మీద వెండిరంగు పూత అంచుల్లో ఇంకా మెరుస్తోంది. నడుమ మాత్రం, రెండు పెదవులు ఆనేంత మేర, పూత పూర్తిగా అరిగిపోయి లోపలి ఇత్తడి బయటపడి ఉంది.