గట్టు మీద నారు

హెడ్మాస్టరు క్రాంతికుమార్ గారు నన్ను బడికి పిలిపించి, కుర్చీ వేయించి, టీ కూడా తెప్పించారు. కూలి పనులకెళ్ళేవాళ్ళకి ఆఫీసు గదిలో టీ ఇచ్చారంటే ఏదో ముంచుకొస్తోందనే లెక్క. గ్లాసు సగం ఖాళీ కాకముందే విషయం బయటపెట్టారు. ఇప్పుడే పదిలోకొచ్చిన మా షమాకి పోయినేడు తొమ్మిదో తరగతిలో హాజరు తక్కువట. లెక్కల్లో వెనకబడి ఉందట. ఇప్పుడే టీసీ తీసుకుని జగ్గయ్యపేటలో ఓపెన్ స్కూల్లో చేర్పిస్తే పదో తరగతి పరీక్ష అక్కణ్ణుంచే రాసుకోవచ్చట, పిల్లకి సుఖమట. ఇదే సుఖం ఇంకో ఆరుగురు పిల్లలకి కూడా చూపిస్తున్నారని తర్వాత తెలిసింది. అందరూ నాట్లకీ కోతలకీ పోయే ఇళ్ళ పిల్లలే.

"ఇది నా ఒక్కడి మాట కాదమ్మా వలీబీ. బడి కమిటీ తీర్మానం," అన్నారాయన, నా మొహం చూడకుండా.

మా బడి గేటుకి ఒక ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. పదో తరగతిలో వరసగా నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని దాని మీద రాసి ఉంటుంది. పిల్లల ఫొటోలు తపాలా బిళ్ళలంత ఉంటాయి, కమిటీ ఛైర్మన్ వరప్రసాదరావు గారి ఫొటో మాత్రం నిలువెత్తున ఉంటుంది. మా పల్లెటూరి బడికి నూటికి నూరు ఎలా వస్తోందా అని నేను కూడా మురిసిపోయినదాన్నే. ఆ మర్మం ఆ రోజు తెలిసింది. తప్పేలా ఉన్నవాళ్ళని ముందే గేటు బయటికి పంపేస్తే మిగిలినవాళ్ళంతా పాసే కదా. తాలంతా చెరిగి అవతల పోసి, మా చేలో తాలే పండలేదని చెప్పుకున్నట్టు.

నాకు ఒళ్ళు మండింది అందుకు కాదు. షమా బడి మానింది మిరపకోతలప్పుడు. ఆ కోతలు వరప్రసాదరావు గారి చేలోనే. మబ్బు పట్టింది, కాయ తడిస్తే రంగు పోతుందని ఆయనే మా వీధిలోకొచ్చి, పిల్లల్ని కూడా తీసుకురండి, బడి ఎక్కడికి పోతుంది అన్నారు. ఆయన కాయ కోసినందుకు పిల్ల బడి మానింది. బడి మానినందుకు పిల్లని తీసెయ్యాలని ఆయన కమిటీయే తీర్మానించింది. చెంపదెబ్బ కొట్టి, చెయ్యి నొప్పెట్టిందని మన చేతే కాపడం పెట్టించుకునే రకం.

ఇంతకీ ఈయనకి మా బళ్ళో పిల్లలెవరూ లేరు. ఎప్పుడో చిన్న మనవడు ఇక్కడ చదివినప్పుడు ఛైర్మనయ్యారు. మనవడు నందిగామ వెళ్ళే పసుప్పచ్చ బస్సెక్కాడు గానీ తాత కుర్చీ దిగలేదు. ఈసారి మాత్రం కొత్త కమిటీకి ఎన్నికలు పెట్టమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులనే ఎన్నుకోవాలి, వాళ్ళలోంచే ఛైర్మన్. పిల్లలు ఇక్కడ చదువుతున్నవాళ్ళే నిలబడాలి. దానికీ ఆయన దగ్గర మందుంది. ఆయన ట్రాక్టరు తోలే సతీష్‌బాబు కొడుకు ఏడో తరగతి. సతీష్‌బాబుని ఛైర్మన్ చేసి, పక్కన తను కూర్చుంటే సరి. ఏకగ్రీవం చేసేద్దాం, ఊళ్ళో గొడవలెందుకని ఊరంతా ప్రచారం మొదలైంది. మా ఊళ్ళో ఏకగ్రీవమంటే ఒకాయన మాట్లాడతాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు.

నేను నిలబడతానని ఇంట్లో చెప్పాను. మా ఆయన నూర్ మహమ్మద్ వత్సవాయి నుంచి పేటకి ఆటో తోలతాడు, నెమ్మదస్తుడు. నీళ్ళలో ఉండి మొసలితో వైరం ఎందుకన్నాడు. ఆ నీళ్ళు కాలవ్వి, మొసలివి కాదన్నాను. షమా గోడవైపు తిరిగి పడుకుని అంతా వింటూనే ఉంది. కాసేపటికి లేచి కూర్చుని, "నేను ఓపెన్‌కి పోను అమ్మీ. ఫ్రెండ్సంతా బడికెళ్తుంటే నేను ఏ మొహం పెట్టుకుని చేలోకెళ్ళను?" అంది. నాకు ఒక్కటే తెలుసు, పిల్ల ఒకసారి ఆ గేటు దాటి బయటికొస్తే మళ్ళీ పుస్తకం పట్టదు. నేనలాగే బయటికొచ్చాను.

మర్నాడు మా ముఠా మేస్త్రి దుర్గాంబక్కకి చెప్పాను. నాట్లకైనా కోతలకైనా రైతు మాట్లాడుకునేది ఆమెతోనే, మమ్మల్ని పంచేది ఆమే. ఆమె చిన్నకొడుకు ఎనిమిదో తరగతి. అంతా విని, చూద్దాంలే అని ఊరుకుంది. వరప్రసాదరావు గారి చేను పోతే ఇరవై ఇళ్ళకి పని పోతుంది, ఆమె మాత్రం ఏం మాటిస్తుంది? అర్థమైంది గానీ బాధేసింది.

ఎన్నిక రోజు మేం ఆయన చేలోనే ఉన్నాం. తెల్లవారకముందే వెళ్ళి నారు పీకి, కట్టలు కట్టి గట్టు మీద పేర్చాం. ఇక మడిలో దిగి నాటడమే తరువాయి. అంతలో సతీష్‌బాబు ట్రాక్టరుతో వచ్చాడు. సగం మంది తల్లిదండ్రులు లేకపోతే ఎన్నిక చెల్లదట, బళ్ళో జనం చాల్లేదట. ముఠాలో దాదాపు అందరం బడి పిల్లల తల్లులమే. అరగంటలో చప్పట్లు కొట్టించి వెనక్కి పంపేస్తామని కబురు. కాళ్ళకి బురదతోనే ట్రక్కెక్కాం.

బడి వరండాలో హెడ్మాస్టరు పక్కన కుర్చీలో వరప్రసాదరావు గారు కూర్చుని ఉన్నారు. హెడ్మాస్టరు గారు ఒక్కో తరగతికీ ముగ్గురి పేర్లు గడగడా చదివేసి, అందరికీ సమ్మతమేనా అన్నారు. ముందు వరసలో చప్పట్లు మొదలయ్యాయి. వెనక నిలబడి ఉన్న మా ముఠాలోంచి నేను ముందుకొచ్చాను.

"పదో తరగతికి నా పేరు రాసుకోండి సార్. ప్రతి పేరుకీ చేతులెత్తించి లెక్కపెట్టండి."

చప్పట్లు ఆగిపోయాయి. నా వెనక ఎవరూ రాలేదు. వరప్రసాదరావు గారు నావైపు చూడనైనా చూడకుండా వాచీ చూసుకున్నారు.

"మాస్టారూ, తొందరగా కానివ్వండి. అక్కడ నారు పీకి పెట్టారు. ఎండెక్కితే నా నాటు పాడైపోద్ది."

ఆ మాటే ఆయన అనకుండా ఉండాల్సింది. అప్పటిదాకా ట్రాక్టరు వైపు చూస్తూ నిలబడి ఉన్న దుర్గాంబక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని కింద కూలబడింది. మా ముఠాలో ఒక పద్ధతుంది. మేస్త్రి గట్టు మీద కూర్చుంటే ఎవరూ మడిలో దిగరు. ఎందుకని ఎవరూ అడగరు కూడా. ఆమె కూర్చోవడం చూసి ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు.

"మాకేం తొందర లేదండి," అంది దుర్గాంబక్క, ఆకూవక్కా తీస్తూ. "వలీబీ మా ముఠా మనిషి. ముఠాలో ఒకళ్ళని తీసేస్తే మిగతావాళ్ళం పనిలో దిగం. మీకు తెలియందేముంది? పిల్లలక్కూడా అదే పద్ధతి అనుకోండి. ఏడుగురికి టీసీలిస్తే అందరికీ ఇచ్చెయ్యండి."

ఆయన మొహం కందగడ్డయింది. రేపే మధిర నుంచి వేరే ముఠాని దింపుతానన్నారు.

"దింపుకోండి. పీకిన నారు రేపటిదాకా ఆగుద్దేమో అడిగి చూడండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. సూర్యుడు మా పక్షాన ఉన్నాడు, పైకెక్కుతూనే ఉన్నాడు. వరప్రసాదరావు గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. గేటు దాకా నడిచి చేనున్న దిక్కు చూశారు, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. చివరికి హెడ్మాస్టరు గారే గొంతు సవరించుకుని, నిబంధన ప్రకారం చేతులెత్తించడమే న్యాయమండీ అన్నారు. నిబంధన ఆయనకి అంత ఆలస్యంగా గుర్తొచ్చినందుకు కోపమొచ్చింది గానీ, అసలు గుర్తొచ్చినందుకు క్షమించేశాను.

పదో తరగతి తల్లిదండ్రుల్ని చేతులెత్తమన్నారు. మోచేతుల దాకా బురద ఎండిపోయిన చేతులు లేచాయి. ఏళ్ళ తరబడి ఆ చేతులు ఆయన నారు నాటాయి, ఆయన కాయ కోశాయి, ఆయన కోసం చప్పట్లు కొట్టాయి. ఆ రోజు ఆయన ఎదుటే, ఆయన చూస్తుండగానే నా కోసం పైకి లేచాయి. నాకు ఏడుపాగలేదు. తరగతి తరవాత తరగతి, మా వాళ్ళే ఎక్కువమంది గెలిచారు. గెలిచినవాళ్ళంతా కలిసి నన్ను ఛైర్మన్ని చేశారు. సతీష్‌బాబు ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు. అతన్ని నేనేమీ అనను, అతని పొయ్యి ఆ ఇంటి మీద ఆధారపడి ఉంది.

మొదటి తీర్మానం అక్కడే రాయించాను. హాజరు పేరుతోనో మార్కుల పేరుతోనో ఏ పిల్లకీ, ఏ పిల్లాడికీ టీసీ ఇవ్వకూడదు. వెనకబడినవాళ్ళకి సాయంత్రం పూట లెక్కలు చెప్పాలి. హెడ్మాస్టరు గారు రాస్తూ రాస్తూ, మరి నూటికి నూరు పోతుందేమోనమ్మా అన్నారు. ఫ్లెక్సీ దింపితే మా పొలంలో వడ్లు ఎండబోసుకోవడానికి పనికొస్తుందన్నాను. మాకు పొలం లేదని ఆయనకీ తెలుసు, ఇద్దరం నవ్వుకున్నాం.

మేం చేలోకే తిరిగొచ్చాం. ఒప్పుకున్న పని ఒప్పుకున్నదే. పైవరస కట్టలు కాస్త వాడాయి గానీ నీళ్ళలో పడగానే తేరుకుంటాయి. నడుములు వంచి నాటుతుంటే వరప్రసాదరావు గారు గట్టు మీదికొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"గెలిచావు సరే. రేపు మీ పిల్ల ఫెయిలైతే?"

నేను నడుమెత్తలేదు. చేతిలో ఉన్న కట్ట నాటడం పూర్తిచేసి, అప్పుడు లేచి ఆయన మొహంలోకి చూశాను.

"ఫెయిలైతే మా బళ్ళోనే ఫెయిలవుద్దండి. ఇంకోమాట. ఈసారి మిరపకోతలకి పిల్లలు రారు."

దుర్గాంబక్క ఇంకో కట్ట నావైపు విసిరింది.