ముడి వేయని కోటు

కోటు ఎడమ చేతి అంచుకు నారింజ రంగు ఊలు నాలుగు వరుసలు తిప్పి, ఊలక్క దాన్ని మోకాళ్ళ మీద పరిచి చూసుకుంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర బుద్ధిగా ఆగింది. ఎడమది వేళ్ళు కూడా దాటి వేలాడుతోంది, పైగా చెంబు పట్టేంత వెడల్పు. అంత వంకరగా ఉంటే తప్ప ఆమె మనసు నిమ్మళించదు. పొయ్యి మీద టీ నీళ్ళు కాగుతున్నాయి, కిటికీ అద్దం మీద చెమ్మ కిందికి జారుతోంది. పనికి బయలుదేరేలోగా దొరికే ఈ ముప్పావుగంటే ఆమె సొంతం. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆమె రెండు చేతులూ హోటళ్ళ దుప్పట్లవి.

అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. లాండ్రీలో చేరిన కొత్తలో ఎవరో ఊలక్క అన్నారు, అంతే, ఇరవయ్యేడేళ్ళుగా అదే పేరు. చిమ్మెటలు కొట్టిన మఫ్లర్లు, ఎవరూ తీసుకెళ్ళని స్వెట్టర్లు విప్పి ఉండలు చుట్టుకుంటుంది. ఆ ఊలుతో అల్లేవాటికి నమూనా ఉండదు, కుట్ల లెక్కా ఉండదు. కొక్కెం సూదితో ఒక ఊదారంగు నత్తగుల్ల, జంట సూదులతో ఒక పసుప్పచ్చ గట్టు, ఆ గట్టు మీద ఆకుపచ్చ బుడిపెలు. ఏ ముక్కకా ముక్క విడిగా అల్లి, నేల మీద పరిచి, ఎలా కుదిరితే అలా అంచులు కలిపేస్తుంది. రంగుల దుకాణం విరిగి మీద పడ్డట్టుందని పక్కింటావిడ మొహం మీదే అంటుంది. ఊలక్క నవ్వి ఊరుకుంటుంది.

నవ్వి ఊరుకోలేనివి రెండున్నాయి. ఎవరి కొలతకూ అల్లదు. అల్లినదాన్ని ఎప్పుడూ పూర్తి చెయ్యదు. ఆఖరి కుట్టులోంచి దారం లాగి ముడి వేస్తే ఎవరికైనా పని అయిపోయినట్టే. ఈవిడ ఆ ఆఖరి ఉచ్చును అలాగే వదిలి, జారిపోకుండా పిన్నీసు గుచ్చి ఉంచుతుంది. పిన్నీసు ఉన్నంతకాలం అది పూర్తికాని వస్తువు, పూర్తికానిది ఎవరిదీ కాదు. ఏ మనిషి ఒంటికీ పట్టనివి అలాంటి కోట్లు పద్దెనిమిది, బీరువాలో వేలాడుతున్నాయి.

ఇదేం చాదస్తం అనుకోవచ్చు. ఆమె ముందునుంచీ ఇలా లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఎవరికోసమనీ అనుకోకుండా ఒక పొట్టి జాకెట్టు అల్లింది. చెల్లెలు సరదాకి తొడుక్కుంటే కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. మూడు నెలలు తిరగకుండా చెల్లెలు పోయింది, ఎనిమిదేళ్ళ కూతుర్ని వదిలేసి. అప్పుడు జాకెట్టు మీదికి ఆలోచన పోలేదు. ఆ తర్వాత లాండ్రీలో బాయిలర్ చూసే ముసలాయన, అందరికీ తాత, ఆమె అల్లిన చేతుల్లేని కోటు ఒకటి మీద వేసుకుని ఎలా ఉన్నానని అడిగాడు. తాత ఎడమ భుజం కిందికి వంగి ఉండేది. కోటుకీ సరిగ్గా అక్కడే ఆ వంపు ఉంది. ఊలక్క అది లాక్కుని భోజనాల వేళ కూర్చుని ఆఖరి పోగు దాకా విప్పేసింది. షిఫ్టు దిగకముందే తాత బాయిలర్ పక్కన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. విప్పితే తప్పేది కాదని ఆ రోజు తెలిసింది.

తన అల్లికే మనుషుల్ని తీసుకుపోతోందా, లేక ఎవరు వెళ్ళిపోతున్నారో తన చేతులకు ముందే తెలుస్తోందా అన్నది మాత్రం ఇప్పటికీ తెలియదు. ఎవర్నడుగుతుంది? తన దగ్గరే పెరిగిన చెల్లెలి కూతురికి చూచాయగా చెబితే పెద్దమ్మకు పిచ్చి పట్టిందని పడీపడీ నవ్వింది.

టీ నీళ్ళు పొంగి పొయ్యి చుయ్యిమంది. ఊలక్క ఉలిక్కిపడి, చేతిలో ఉన్న నారింజ దారాన్ని ఉచ్చులోంచి లాగి, బిగించి, పుటుక్కున కత్తిరించి లేచింది. ఏళ్ళ తరబడి వేల విడి ముక్కలకు అలాగే ముడి వేసిన చెయ్యి, అలవాటు చొప్పున తన పని తాను చేసుకుపోయింది. గిన్నె దించి వెనక్కి తిరిగేసరికి చెల్లెలి కూతురు గది మధ్యలో కోటు తొడుక్కుని నిలబడి ఉంది.

పోయిన వారం లాండ్రీలో సబ్బునీళ్ళ మీద జారి పిల్ల ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. అరచేతి నుంచి మోచెయ్యి పైదాకా లావుపాటి సిమెంటు కట్టు. ఉన్న స్వెట్టర్లలో ఏదీ దాని మీదికి ఎక్కడం లేదు. ఊలక్క రెండు నెలల కిందట, ఎవరికీ పట్టకూడదని పట్టుబట్టి వంకరగా అల్లిన ఆ ఎడమ చెయ్యి, సిమెంటు కట్టు మీదుగా వేలి కొసలదాకా తొడుగులాగా కూర్చుంది. భుజాలు సరిపోయాయి. నడుమూ సరిపోయింది.

"అబ్బ, ఎంత వెచ్చగా ఉందో. ఇవాళ ఇదే వేసుకొస్తా పెద్దమ్మా."

ఊలక్క కళ్ళు బల్ల మీదికి పోయాయి. పిన్నీసు ఖాళీగా పడి ఉంది. ఇంకా పని మిగిలిందనీ, ఎక్కడో కుట్టు వదులుగా ఉందనీ, దారిలో లాగితే మొత్తం ఊడి నలుగురిలో నవ్వులపాలవుతావనీ నోటికొచ్చిన అబద్ధాలు చెప్పి, పిల్ల ఒంటి మీంచి కోటు ఊడబెరికి సంచిలో కుక్కింది. పిన్నీసును తన కొంగు అంచుకు గుచ్చుకుంది. పిల్ల మూతి ముడుచుకుని పాత శాలువా కప్పుకుంది.

లాండ్రీ నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుండగానే ఆవిరి మొహానికి కొడుతుంది. దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని: చెరో రెండు కొసలు పట్టుకుని, విదిలించి, దగ్గరికి నడిచి, కొసలు అందించి, మళ్ళీ వెనక్కి. ఆరేళ్ళుగా ఊలక్కకు ఎదురు కొసలు పట్టింది చెల్లెలి కూతురే. ఇప్పుడు పిల్లను మూల స్టూలు మీద కూర్చోబెట్టి చేతి రుమాళ్ళు మడతపెట్టిస్తున్నారు. ఆమె స్థానంలో సూపర్‌వైజరు వచ్చి, తిట్టుకుంటూ కొసలు పట్టుకున్నాడు. పిల్ల పడ్డ రోజున ముందుగా నేల తడిసినందుకు కేకలేసి, ఆ తర్వాత డాక్టరు కోసం కబురు చేసిన మనిషాయన. ఊలక్క ఆ సంగతి మరిచిపోలేదు.

దుప్పటి విదిలించి దగ్గరికి నడిచినప్పుడల్లా ఆయన భుజాలు ఎదురుగా వస్తున్నాయి. పిల్ల భుజాల కంటే నాలుగు అంగుళాలు ఎక్కువ. చంకల కింద ఇరువైపులా రెండేసి ముక్కలు కలిపితే చాలు, ఎడమ చెయ్యి కాస్త బిగిస్తే చాలు. విప్పితే ఆగదు గానీ ఇంకొకరి కొలతకు మారిస్తే? పన్నెండో దుప్పటి దగ్గర గానీ తను ఏం చేస్తోందో ఆమెకు తెలియలేదు. ఆయన కొలతలు తీస్తోంది.

"ఏంటక్కా, అలా చూస్తున్నావ్? మొహానికేమైనా అంటుకుందా?" అన్నాడాయన. ఆమె కొసలు అందించి వెనక్కి నడిచేసరికి తనే మాట కలిపాడు. ఇంట్లో చంటిదానికి దగ్గు పట్టుకుందట, ఎత్తుకుని తిప్పుతుంటే తప్ప నిద్రపోవడం లేదట, భుజాలు పడిపోతున్నాయట. అంటున్నంత సేపూ ఆ భుజాల్నే తడుముకున్నాడు. ఊలక్కకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ తర్వాత తల ఎత్తలేదు.

భోజనాల వేళ డబ్బా విప్పకుండా బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి అద్దం ముందు నిలబడింది. ఊరందరి ఒళ్ళూ చూసిన కళ్ళే గానీ, తన ఒళ్ళు ఎలా ఉందో ఆమె ఎప్పుడూ సరిగ్గా చూసుకోలేదు. కుడి భుజం కిందికి దిగిపోయింది. వీపు పైన చిన్న గూని. చేతులు పొట్టి. పద్దెనిమిది కోట్లు అల్లిన మనిషి, తనకని ఒక్కటీ అల్లుకోలేదు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదా అనుకుంది. భయం వేసింది, బాగానే వేసింది. కానీ మూల స్టూలు మీద ఒంటిచేత్తో రుమాళ్ళు మడుస్తున్న పిల్ల మొహం గుర్తొచ్చి, ఆ భయం పక్కకు జరిగింది.

ఒంట్లో బాగోలేదని మధ్యాహ్నం సెలవడిగింది. ఇరవయ్యేడేళ్ళలో అదే మొదటిసారి. సూపర్‌వైజరు ఆమె మొహం ఒకసారి చూసి తలూపాడు. ఊలక్క ఇంటికి పోలేదు. వెనక పెరట్లో, దుప్పట్ల బళ్ళు నిలిపే చోట, ఎండ పడే బల్ల మీద కూర్చుని సంచి తెరిచింది.

ముందు ఎడమ చెయ్యి మోచేతి కింద విడదీసింది. తీసిన ముక్కను పక్కన పెట్టి, మిగిలిన మొండి అంచును తన మణికట్టుకు బిగించింది. భుజం దగ్గర ఒక నీలం ముక్క తీసింది, అదే ముక్కను కిందికి దించి కలిపింది. ఆ అర చెయ్యి తప్ప, తీసిన దేన్నీ తీసినట్టు వదలలేదు; తాత సంగతి ఆమెకు గుర్తుంది. వేళ్ళు ఆగకుండా నడుస్తున్నాయి. ఇక వీపు. పిల్ల వీపు చదును, తనకేమో గూని పట్టాలి. పై వరుసలో ఊదా నత్తగుల్లలు రెండు విడదీసి చూసి, ఊలక్క చెయ్యి ఆగిపోయింది.

కింద ఇంకో పొర ఉంది. తనే అల్లింది, ఈ కోటు మొదలుపెట్టిన కొత్తలో, ఏడాది కిందట. ఆకారం నచ్చక మీద నత్తగుల్లలు కప్పేసింది. ఆ పొరలో, వీపు పైభాగాన, గిన్నె బోర్లించినంత గుంట ఒకటి. గూని సరిగ్గా పట్టేటంత. ఊలక్క కుడి భుజం దగ్గర కూడా పై ముక్క ఎత్తి చూసింది. అక్కడా కింది పొర దిగుడుగానే ఉంది. చుట్టూ ఎండ అలాగే ఉంది, బాయిలర్ మోత అలాగే వినబడుతోంది. ఆమె సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

నాలుగింటికి టీ కోసం పైకి వచ్చిన చెల్లెలి కూతురు ఆమెను చూసి ఆగిపోయింది. "ఇంటికెళ్ళలేదా? అయ్యో, నా కోటు కోసేస్తున్నావేంటి?"

"నీది కాదే. నాదే. మొదట్నుంచీ నాదే, చూసుకోలేదు."

"మరి నాకో?"

ఊలక్క పక్కన పెట్టిన అర చెయ్యి తీసింది. అంచున పొద్దున వేసిన నారింజ ముడిని సూది మొనతో మెల్లగా వదులు చేసి, ఒక్క ఉచ్చు మాత్రం పైకి లాగింది. కొంగుకున్న పిన్నీసు తీసి అందులో గుచ్చింది. దాన్ని పిల్ల కట్టు మీద తొడిగి, చలి తగలకుండా సర్దింది.

"ఇది నీకు. ఇంకా పూర్తవలేదు. నువ్వూ పూర్తి చెయ్యకు. ఈ పిన్నీసు తియ్యకు."

"ఎన్నాళ్ళు?"

"నాకంటే ముసలిదానివయ్యేదాకా."

పిల్ల నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్విందని ఆ తర్వాత అందరికీ చెప్పింది. గంట మోగితే మెట్లు దిగుతూ వెనక్కి చూసింది. ఊలక్క ఆఖరి కుట్టులోంచి దారం లాగి, ముడి బిగించి, పళ్ళతో కొరుకుతోంది. అది ఎప్పుడూ చెయ్యని పని గదా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, కింద రుమాళ్ళు గుట్టపడి ఉన్నాయి.

అయిదింటికి షిఫ్టు దిగినవాళ్ళు పెరట్లోకి వచ్చారు. ఎండ బల్ల మీంచి గోడ మీదికి పోయింది. ఊలక్క కోటు తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. రంగులన్నీ ఆమె ఒంటిని పట్టుకుని ఉన్నాయి. గూని దగ్గర ముడత లేదు, దిగిన భుజం దగ్గర ముడత లేదు. పెద్దమ్మా అని రెండుసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి పిలిచే ముందే సూపర్‌వైజరు పిల్లను పక్కకు తీసుకుని, తను వంగి చూశాడు.

గుండె కనీసం ఏడాదిగా నీరసించి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడూ ఆయాసపడలేదా అని అడిగాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే గదిలో ఉండి కూడా తను ఆ సంగతి కనిపెట్టలేదని పిల్ల కుళ్ళికుళ్ళి ఏడ్చింది. కోటు పెద్దమ్మ ఒంటి మీదే ఉండనిచ్చారు. తీయబోతే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు.

ఆరు వారాలకు సిమెంటు కట్టు విప్పారు. సన్నబడిన చేతికి అర చెయ్యి వదులైపోయి జారిపడుతోంది. మళ్ళీ స్వెట్టర్లన్నీ పడుతున్నాయి. పిల్ల దాన్ని బీరువాలో పెట్టబోయి, ఆ పద్దెనిమిది కోట్ల మధ్య పెట్టడానికి మనసొప్పక, కిటికీ పక్కన మేకుకు తగిలించింది. లాండ్రీలో ఇప్పుడు దుప్పటికి తన వైపు కొసలు తనే పట్టుకుంటోంది, ఎదుటి వైపు ఎవరు వస్తే వాళ్ళు. పొద్దున టీ నీళ్ళు కాగేదాకా చేతులు ఊరికే ఉండవు. బుట్టలోంచి కొక్కెం సూది తీస్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది.

మేకుకు వేలాడుతున్న ఆ అర చేతి అంచున, పిన్నీసులో, నారింజ రంగు ఉచ్చు ఒకటి తెరుచుకునే ఉంది.