వరసలో నిలబడ్డ పురుగులు

గడియారాలు బాగుచేసే ఆమెకు భర్త అక్క ఒకావిడ ఉండేది. వరసకు వదిన. ఇద్దరూ ఒకే భవనంలో కాపురం. ఆమెది రెండో అంతస్తు, వదినది నాలుగు. వదిన మొక్కల మీద మూడు పుస్తకాలు కొని, అందులో ఒకటి సగం చదివి, ఆ సగంతోనే భవనంలో ఉన్న ముప్ఫై రెండు వాటాల వాళ్లకూ సలహాలు చెప్పేది. ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే కుండీలో వేలు గుచ్చేది. "నీళ్లు ఎక్కువయ్యాయి" అనేది. మర్నాడు అదే కుండీలో అదే వేలు గుచ్చి "నీళ్లు చాలడం లేదు" అనేది. రెండుసార్లూ ఇంటివాళ్లు తలూపేవాళ్లు. ఆవిడ నివాసుల సంఘానికి కార్యదర్శి. లిఫ్టు ఆగిపోతే ఎవరిని పిలవాలో ఆవిడకే తెలుసు.

వదిన హాల్లో పదకొండు ఫెర్న్ మొక్కలుండేవి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట, అడుగున చిల్లి లేని ఇత్తడి తొట్లలో. ఆకుల కొనలు ఎండితే కత్తెరతో కత్తిరించేది. చుట్టాలొచ్చే రోజున ఆకులకు నూనె రాసి మెరిపించేది. ఆ ఇంట్లో ఏ ఫెర్నూ ఏడాది దాటిన దాఖలా లేదు. పోయినదాని స్థానంలో చడీచప్పుడూ లేకుండా కొత్తది వచ్చేది. ఎవరైనా కనిపెట్టి అడిగితే, "ఈ జాతి ఆయుష్షే అంత" అనేది.

గడియారాలామెకు ఉన్నది ఒక్కటే. స్నానాలగది కిటికీ గట్టు మీద, వెలుతురు వచ్చినా ఎండ సూటిగా పడని వైపు, మట్టికుండీలో ఆరేళ్లుగా ఉంది. పైమట్టి కాస్త ఆరినట్టనిపిస్తే నీళ్లు పోసేది, లేకపోతే ముట్టుకునేది కాదు. ఇద్దరు రోజూ వేడినీళ్ల స్నానం చేసే గది కాబట్టి కావలసిన తేమ దానంతటదే అందేది. ఆకులు గట్టు దాటి పంపు మీదికి వాలాయి. స్నానాలగదిలో పెరిగేదాన్ని మొక్కల్లో జమ కట్టనేలేదు వదిన.

ఒక ఆదివారం కింది అంతస్తులో దర్జీ ఇంటికి వెళ్లిన వదిన, అతని ఫెర్న్ ఆకును తిరగేసి చూసింది. అడుగంతా గోధుమరంగు చుక్కలు. ఆ సాయంత్రానికి లిఫ్టులో కాగితం అంటుకుంది: భవనంలో పొలుసు పురుగు ప్రవేశించింది, ఫెర్నులున్న వాళ్లంతా ఆకుల్ని సబ్బునీళ్లతో తోమి స్పిరిట్‌తో తుడవాలి, అప్పటికీ చుక్కలు పోకపోతే కుండీతో సహా మెట్ల కింద పెట్టాలి, బుధవారం చెత్తబండి తీసుకుపోతుంది. కాగితంలో నాలుగు అక్షరదోషాలున్నాయి. చదువుకున్నవాళ్లు ఇరవైమంది ఆ లిఫ్టులో ఎక్కి దిగారు, ఒక్కరూ ఎత్తి చూపలేదు.

సోమవారం గడియారాలామె తప్ప భవనమంతా పళ్లు తోముకునే బ్రష్షులతో ఆకుల్ని తోమింది. మంగళవారానికి ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడ్డాయి. "చూశారా, ఒక్క రాత్రిలో పురుగు ఎంత పని చేసిందో" అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నం వదిన రెండో అంతస్తుకు దిగింది. గడియారాలామె దుకాణంలో ఉంది. ఇంట్లో ఉన్నది భర్త. ఆయన కారు నడపడం నేర్పుతాడు. రోడ్డు మీద, బ్రేకు ఆలస్యంగా తొక్కినవాణ్ని కన్నవాళ్లతో సహా కడిగేసే మనిషి, అక్క ఎదుట మాత్రం బండి ఆపి తాళం తీసి ఆవిడ చేతికిచ్చేస్తాడు.

వదిన స్నానాలగదిలోకి వెళ్లి ఆకు తిరగేసింది. "ఇటు చూడు తమ్ముడూ. లెక్కలేనన్ని."

"ఆమెను రానీ అక్కా. ఒక మాట చెప్పి..."

"చెప్పేదేముంది? ఇల్లు శుభ్రంగా ఉంటే పురుగెందుకు పడుతుంది? అటువైపు పట్టుకో."

ఆయన అటువైపు పట్టుకున్నాడు.

భార్య తిరిగొచ్చేసరికి కిటికీ గట్టు మీద గుండ్రటి తడి మరక మాత్రం ఉంది.

"మొక్కేది?"

"అక్క తీసెయ్యమంది."

"మీకు చేతుల్లేవా ఆపడానికి?"

"ఉన్నాయి కాబట్టే మొయ్యమంది" అన్నాడాయన, నిజాయితీగానే.

ఆరేళ్ల మొక్కను పది నిమిషాల్లో సాగనంపినవాడితో ఇక మాట్లాడి లాభం లేదనుకుంది ఆమె. మెట్ల కిందికి వెళ్లింది. పదిహేడు కుండీలున్నాయి. తన దాని నుంచి ఒక ఆకు తుంచి, భవనంలోనే వీధివైపున్న తన దుకాణం తెరిచి, బల్లదీపం వేసి, చక్రాల పళ్లు చూసే భూతద్దాన్ని కంటికి బిగించింది.

ఆకు నడిమి ఈనెకు రెండు వైపులా రెండు వరసల్లో చుక్కలు. ప్రతి రెండింటి మధ్యా ఒకటే ఎడం. ఒక్కొక్క చుక్క మీద పల్చటి మూత, మూత కింద గసగసాలకన్నా చిన్న గుండ్లు. చూస్తుండగానే ఒకటి చిట్లి ఇంత పొడి ఎగిరింది. ఎక్కడినుంచో వచ్చి చేరిన దుమ్మూ ధూళీ ఎలా ఉంటాయో, కొలిచి అమర్చిన భాగం ఎలా ఉంటుందో ఇరవై ఏళ్లుగా చూస్తున్న కన్ను అది. ఆకును తెల్లకాగితం మీద పరిచి, విప్పిన గడియారాల మీద దుమ్ము పడకుండా బోర్లించే గాజుగిన్నె దాని మీద బోర్లించింది.

పొద్దున్న తీసి చూస్తే ఆకు ఆకారమంతా కాగితం మీద గోధుమరంగు పొడిగా రాలి ఉంది. అప్పుడు బడిలో పాఠం గుర్తొచ్చింది. ఫెర్నులకు పువ్వులుండవు, గింజలుండవు, ఆకు అడుగున సిద్ధబీజాలుంటాయి. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఆమె వదిలేసింది కూడాను.

చెత్తబండి రాకముందే కాగితమూ భూతద్దమూ పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లింది. వదిన అప్పటికే అక్కడుంది. దర్జీ ఉన్నాడు, ఇంకో పదిమంది తమ కుండీల్ని ఆఖరిసారి చూసుకుంటున్నారు.

"వదినా, ఇవి పురుగులు కావు. మొక్క తన సంతానం కోసం పెట్టుకున్న పొడి ఇది."

"ఎవరు చెప్పారు నీకు?"

"చూశాను. మీరూ చూడండి. పురుగులు ఇలా రెండు వరసల్లో కొలిచినట్టు నిలబడతాయా? మన లిఫ్టు ముందు మనుషులే నిలబడరు."

దర్జీ నవ్వబోయి దగ్గుగా మార్చాడు. వదిన భూతద్దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కంటికి పెట్టుకుంది. పెట్టుకున్న కన్ను మూసి, రెండో కంటితో చూసింది.

"ఏమీ లేదు. మసగ్గా ఉంది."

"అద్దం పెట్టుకున్న కన్ను తెరవాలి వదినా."

వదిన అద్దం తిరిగి ఇచ్చేసింది. "గడియారాలు చూసుకునేదానివి గడియారాలు చూసుకో. మొక్కల సంగతి నాకొదిలెయ్."

బండి వచ్చింది. గడియారాలామె తన కుండీ ఎత్తుకుంది. ఒక నిమిషం అటూ ఇటూ చూసి దర్జీ తనదీ ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు కదల్లేదు. పురుగులు కావన్న సంగతి వాళ్లకు అర్థమైంది, మొహాల్లో తెలుస్తూనే ఉంది. అయినా కార్యదర్శి కాగితాన్ని కాదనడంకన్నా మొక్కను పారేయడం తేలిక. పదిహేను కుండీలు బండెక్కాయి.

వదిన మాట మీద నిలబడే మనిషి. తన పదకొండు మొక్కల్నీ తోమింది, స్పిరిట్ పట్టించింది. వాటికి అసలు చుక్కలే లేవు. చుక్కలొచ్చే వయసుదాకా అక్కడ ఏదీ బతకలేదు గదా. రెండు వారాల్లో పదకొండూ పోయాయి. నెలాఖరు సమావేశంలో, పురుగు రెండో అంతస్తు నుంచి పాకిందని ఆవిడ ప్రకటించింది. అందరూ గడియారాలామె వైపు తిరిగి చూశారు. ఆమె నోరు తెరవబోయేలోపు పక్కనున్న భర్త లేచాడు.

"అక్కా, మా ఇంట్లోది బతికే ఉంది. నీవే పోయాయి."

అంతే అన్నాడు. అని వెంటనే కూర్చున్నాడు. ఇంటికొచ్చాక భార్య ఆయనతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

కాగితం మీది పొడిని ఆమె పారేయలేదు. మరిగిన నీళ్లు పోసి చల్లార్చిన మట్టి మీద చల్లి, గాజుగిన్నె బోర్లించి, దుకాణంలో కిటికీకి దూరంగా పెట్టింది. నెల్లాళ్లు ఏమీ లేదు. తర్వాత మట్టి మీద పచ్చటి పొర కట్టింది. ఆ పొర మీద చేతిగడియారపు చక్రాలంత ఆకులు పుట్టాయి, హృదయం ఆకారంలో. నాలుగో నెలలో వాటి కింద నుంచి చుట్ట చుట్టుకున్న చిట్టి ఫెర్నులు తలెత్తాయి. ఏడాది తిరిగేసరికి చిన్న కుండీల్లో ఇరవై మూడు.

అప్పుడు మొదలుపెట్టారు రావడం. కుండీల్ని బండెక్కించినవాళ్లే. "మేం అప్పుడే అనుకున్నాం" అని ఒకావిడ, "నాకు మొదటినుంచీ అనుమానమే" అని ఒకాయన. అనుమానాలన్నీ అప్పుడెక్కడ దాక్కున్నాయని ఆమె అడగలేదు. తలా ఒకటి ఇచ్చింది. అందరి తర్వాత వదిన వచ్చింది, చేతిగడియారం పట్టుకుని.

"ఇది ఆగిపోయింది."

"తిరుగుతోంది గదా వదినా."

"మొన్న ఆగింది." వదిన చూపు కుండీల మీద ఉంది. "నీకిక్కడ చోటు ఇరుకు. రెండు నేను తీసుకెళ్తాలే."

"అడగండి, ఇస్తాను."

"అడుగుతూనే ఉన్నాగా."

"లేదు వదినా. తీసుకెళ్తానంటున్నారు."

దుకాణంలోకి ఎవరో వస్తున్నారు. వదిన గొంతు తగ్గించి, "ఒకటివ్వు" అంది.

ఆమె ఇచ్చింది. సబ్బు వద్దు, నూనె వద్దు, స్పిరిట్ వద్దు, ఏసీకి దూరంగా పెట్టమంది, పైమట్టి ఆరడం మొదలైతేనే నీళ్లంది.

"అవన్నీ నాకు తెలుసు" అంది వదిన.

మూడు వారాలకు వదిన భర్త దుకాణానికి వచ్చాడు. ఎక్కువ మాట్లాడని మనిషి. గడియారాలామె ఆయన్ని అన్నయ్యా అంటుంది. స్టూలు మీద కూర్చుని చాలాసేపు గోడ గడియారాల్ని చూశాడు.

"నువ్విచ్చిన మొక్క చచ్చిపోయిందని మీ వదినతో చెప్పానమ్మా."

"చచ్చిపోయిందా అన్నయ్యా?"

"లేదు. వెనక స్నానాలగదిలో బకెట్ల వెనకాల పెట్టాను. మూడు కొత్త ఆకులు వేసింది." ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. "ఆవిడకు చెప్పకు. తెలిస్తే బాగుచేస్తుంది."

సెలవుల్లో ఊరెళ్తే నీళ్లెలాగని అడిగాడు. కుండీని తడి ఇటుక మీద పెట్టి వెళ్లమని, నాలుగు రోజులు పరవాలేదని ఆమె చెప్పింది. ఆయన చిన్న కాగితం మీద రాసుకుని, మడిచి, కళ్లజోడు పెట్టెలో దాచుకుని వెళ్లాడు.