ఊపి చూసిన గుడ్లు

మా అత్తమ్మ వీరమ్మ నలభై ఏళ్లుగా కోళ్లను పొదగేస్తోంది. అందుకే తరిగొప్పుల అంగడిలో నేను కొన్న మస్కోవీ బాతు కూడా ఇరవై ఒక్క రోజులకే పిల్లలు తీయాలని ఆమె పట్టు.

ఇరవై రెండో రోజు బాతు నీళ్లకు లేవగానే అత్తమ్మ ఒక గుడ్డు తీసి, చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపింది.

"మురిగినయే నిర్మలా. పారెయ్."

"ఇది కోడి కాదు అత్తమ్మా, ముప్పై ఐదు రోజులు పడుతది. ఊపితే లోపలి పిల్ల సస్తది. నీకు దండం పెడుత, ముట్టకు."

"నాకు నేర్పుతున్నవా?"

ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. నేను చేనుకు పోవడమే ఆలస్యం, గుడ్లు ఆమె చెవి దాకా వెళ్లి వచ్చేవి. పక్కింటి బుచ్చమ్మను పిలిచి ఆమెతో కూడా ఊపించింది.

ముప్పై ఐదో రోజు పన్నెండు గుడ్లలో ఒక్కటే పగిలి పిల్ల బయటికొచ్చింది. గంపలో గడ్డి కిందికి జారి, అత్తమ్మ చేతికి ఎన్నడూ దొరకని గుడ్డు అది.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆమె మిగిలిన పదకొండింటినీ మళ్లీ ఒక్కొక్కటిగా ఊపి, నా వైపు తిరిగింది.

"నేను ఆనాడే చెప్పలే, మురిగినయని?"